నెహ్రూ తర్వాత ఎవరు? తిరుపతిలో మొదలైన కథ, లాల్ బహదూర్ శాస్త్రి పందొమ్మిది నెలలు

కపిలతీర్థం | ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. శుక్రవారం తరగతిలో ఒక అమ్మాయి లేచి, "నెహ్రూ పోతే దేశం నిలబడదని చాలామంది అనుకున్నారు కదా మేడమ్, మరి ఎలా నిలబడింది?" అని అడిగింది. నేను నోరు విప్పేలోపు గంట మోగింది. రెండు రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

జవాబు మన ఊళ్లోనే మొదలవుతుంది. 1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాం. 1963 ఉప ఎన్నికల్లో కృపలానీ, లోహియా, మసానీ ముగ్గురూ కాంగ్రెస్‌ను ఓడించి లోక్‌సభకు వెళ్లారు. ఆ ఆగస్టులో, పెద్ద నాయకులు పదవులు వదిలి పార్టీ పని చూడాలన్న మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్ ప్రణాళిక పేరుతో, ఆరుగురు ముఖ్యమంత్రులు, ఆరుగురు కేంద్రమంత్రులు పదవులు వదిలారు. హోంమంత్రి శాస్త్రి, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ అందులో ఉన్నారు. నెహ్రూ ఆరోగ్యం క్షీణిస్తోంది. సరిగ్గా అప్పుడు, 1963 అక్టోబరులో, కామరాజ్, మన ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, మైసూరు నిజలింగప్ప, బెంగాల్ అతుల్య ఘోష్ తిరుపతిలో కలిశారు. తర్వాత పత్రికలు "సిండికేట్" అని పిలిచింది ఈ బృందాన్నే. మొరార్జీ అయితే ఎవరి మాటా వినరని వాళ్ల భయం. అందరినీ కలుపుకొని పోగలవాడు శాస్త్రి అన్న ఆలోచన ఇక్కడే గట్టిపడింది.

మూడు నెలలు తిరక్కుండానే భువనేశ్వర్ కాంగ్రెస్ మహాసభల్లో నెహ్రూకు పక్షవాతం వచ్చింది. 1964 మే 27న ఆయన కన్నుమూశారు. పార్టీ అధ్యక్షుడిగా ఉన్న కామరాజ్ ఎంపీలనూ ముఖ్యమంత్రులనూ కలిసి ఎవరి మనసులో ఎవరున్నారో విడివిడిగా అడిగి తెలుసుకున్నారు. జూన్ 2న శాస్త్రిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ప్రతిపాదించింది తాత్కాలిక ప్రధాని నందా. బలపరిచింది మొరార్జీ. పోటీకి సిద్ధపడిన మనిషి లేచి ఎదుటివాడి పేరు బలపరిచిన ఆ ఒక్క నిమిషం గురించి ఒక పూర్తి పాఠం చెప్పవచ్చని నాకు అనిపిస్తుంది.

మీ ఇళ్లలో ఆ రోజుల గురించి పెద్దవాళ్లు చెప్పినవి ఉంటే రాయండి. తరగతిలో చదివి వినిపిస్తాను.

---

భవానీనగర్ | ఆదివారం, ఉదయం 9:05

మేడమ్, నేను పీజీ చదువుతున్నాను. గౌరవంతోనే అడుగుతున్నాను. నలుగురు నాయకులు ఒకచోట కూర్చుని తర్వాతి ప్రధాని ఎవరో అనుకుంటే దాన్ని ప్రజాస్వామ్యం అనవచ్చా? ఓటరు ఎక్కడున్నాడు? శాస్త్రి మంచివారే కావచ్చు. కానీ పదవి వచ్చిన తీరు వేరు, ఆ తర్వాత ఆయన నడుచుకున్న తీరు వేరు. రెండింటినీ కలిపేసి దండ వేయకూడదు.

---

రేణిగుంట జంక్షన్ | ఆదివారం, ఉదయం 11:30

బాబూ, నువ్వు అడిగినదానికి మేడమ్ జవాబు చెబుతారు. నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. మా నాన్న గ్యాంగ్‌మన్. శాస్త్రి పేరు మా ఇంట్లో ప్రధానిగా కాదు, రైల్వే మంత్రిగా వినిపించేది.

1956 సెప్టెంబరు 2న మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు వాగులో పడింది. వందమందికి పైగా పోయారు. శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు కాకుండానే నవంబరు 23న తమిళ దేశంలో అరియలూరు దగ్గర తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ వరదలో కొట్టుకుపోయింది. ఈసారి 140 మందికి పైగా. మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి ఆమోదించారు. తప్పు శాస్త్రిది కాదని, బాధ్యత అంటే ఏమిటో దేశానికి తెలియాలని ఆమోదిస్తున్నానని నెహ్రూ పార్లమెంటులోనే చెప్పారు.

ఇది పుస్తకాల్లో ఒక పేరా. మా ఇంట్లో అది వేరుగా ఉండేది. వానాకాలం రాత్రుళ్లు నాన్న హరికేన్ లాంతరు, ఎర్ర జెండా, పట్టాల మీద పెట్టే డిటొనేటర్లు తీసుకుని గస్తీకి వెళ్లేవారు. వంతెన స్తంభం మీద ప్రమాద మట్టం గీత రంగుతో గీసి ఉంటుంది. నీళ్లు ఆ గీత తాకితే బండిని ఆపాలి. దూరంగా పరుగెత్తి పట్టాల మీద డిటొనేటర్ బిగించాలి. ఇంజను చక్రం దాని మీదికి ఎక్కగానే పేలుతుంది, డ్రైవరు బ్రేకు వేస్తాడు. కుండపోతలో లాంతరు ఆరిపోతే కాలితో పట్టాను తడుముకుంటూ నడిచేవాణ్నని నాన్న చెప్పేవారు. ఏదైనా జరిగితే మొదట పట్టుకునేది ఆయన్నే. జీతం నుంచి కోత, సస్పెన్షన్, విచారణ.

అటువంటి మనిషికి, ఢిల్లీలో కూర్చున్న మంత్రి "ఇది నా బాధ్యత" అని పదవి వదిలి వెళ్లిపోయాడని తెలిస్తే ఎలా ఉంటుంది? నాన్న ఆ వార్త వచ్చిన పత్రిక ముక్కను పెట్టె మూతకు లోపల అతికించుకున్నారు. ఆ లాంతరు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

బాబూ, 1964లో కామరాజ్ అడిగినప్పుడు అంతమంది శాస్త్రి పేరే చెప్పారంటే దాని వెనుక ఈ 1956 ఉంది.

---

కపిలతీర్థం | ఆదివారం, మధ్యాహ్నం 2:15

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

భవానీనగర్, నీ ప్రశ్న సరైనదే. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తిరుపతిలో కలిసినవాళ్లు పార్టీ పెద్దలు. వాళ్లకు తమ లెక్కలు ఉన్నాయి. బలమైన ప్రధాని కన్నా తమ మాట వినే ప్రధాని కావాలన్న కోరిక లేదని నేను అనను. కానీ చుట్టూ చూడు. పాకిస్తాన్‌లో 1958లో అయూబ్ ఖాన్ సైన్యంతో గద్దెనెక్కాడు. బర్మాలో 1962లో నే విన్ అదే చేశాడు. సిలోన్‌లో ప్రధాని బండారనాయకేను 1959లో కాల్చి చంపారు. 1962లో అక్కడా కుట్ర జరిగింది. మనకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి పదిహేడేళ్లు. అంతకాలమూ ఒకే మనిషి ప్రధాని. ఆయన పోయిన ఆరు రోజులకు ఎంపీలు ఒక గదిలో కూర్చుని మరొకరిని ఎన్నుకున్నారు. బయట ఒక్క ట్యాంకు కదలలేదు. ఆ ఎంపీలను పంపింది 1962లో ఓటు వేసిన జనమే.

పైగా, శాస్త్రి తమ మాట వింటాడనుకున్న వాళ్ల లెక్క తప్పింది. సంజీవరెడ్డిని ఉక్కు, గనుల మంత్రిగా తీసుకున్నారు, నిజమే. కానీ ఎల్.కె. ఝా కార్యదర్శిగా తన సచివాలయాన్ని బలపరుచుకుని, నిర్ణయాలు తన బల్ల మీదికే తెచ్చుకున్నారు.

---

పుంగనూరు మనవరాలు | ఆదివారం, సాయంత్రం 6:50

మా అవ్వ చెప్పిన సోమవారాల గురించి రాస్తాను.

1965లో వానలు లేవు. అమెరికా గోధుమల ఓడలు వస్తేనే పట్టణాల్లో రేషను. పాకిస్తాన్‌తో యుద్ధం వల్ల ఆ సాయం మీదా నీలినీడలు కమ్ముకున్నాయి. అప్పుడు శాస్త్రి రేడియోలో మాట్లాడి, వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానమని దేశాన్ని అడిగారు. అడగడానికి ముందు తన ఇంట్లో పొయ్యి వెలిగించకుండా, పిల్లలు తట్టుకోగలరో లేదో చూసుకున్నారని చెబుతారు.

మా ఊళ్లో రేడియో ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఆ మాట మా అవ్వకు మూడోరోజున చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. మా ఇంట్లో అన్నం పండక్కే. మిగతా రోజుల్లో రాగి సంగటి, ఊరిబిండి. అది కూడా రాత్రిపూట ఒక్కసారి కడుపునిండా, పగలు అంబలి. "సోమవారం ఆ సంగటి కూడా వద్దంటున్నారంట" అని తాత చెప్పాడట. అవ్వ కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత సంగటి కుండ కడిగి పొయ్యి మీద బోర్లించిందట. పిల్లలకు మాత్రం అంబలి పోసింది. తాను, తాత, అత్తగారు నీళ్లు తాగి పడుకున్నారు. యుద్ధం ఆగిపోయాక కూడా చాలా వారాలు అలాగే చేశారు.

నేను కాలేజీలో ఉన్నప్పుడు కోపంగా అడిగాను. "లేనివాళ్ల నోటి ముద్ద మానమంటే ఎలా అవ్వా?" అని. ఆమె, "మా పస్తు మాకు కొత్త కాదమ్మా. ఆ రోజు మాతోపాటు ఢిల్లీలో ఆయన కూడా పస్తున్నాడు. అది కొత్త" అంది.

ఆ కుండ బోర్లించి ఉన్న పొయ్యి నేను చూడలేదు. కానీ సోమవారం రాత్రి వస్తే గుర్తొస్తుంది.

---

భవానీనగర్ | ఆదివారం, రాత్రి 8:10

అక్కా, మీ అవ్వగారి మాట ముందు నా వాదన చిన్నది. అయినా ఒకటి అడగాలి. పస్తుతో దేశానికి ధాన్యం రాదు కదా. ఆ పందొమ్మిది నెలల్లో ఆకలికి నిజంగా చేసిన పని ఏమిటి? నినాదాలు కాకుండా.

---

పలమనేరు రైతు | ఆదివారం, రాత్రి 9:35

తమ్ముడూ, ఈ ప్రశ్న నాకు వదిలెయ్.

శాస్త్రి మొదట చేసిన మంచి పని సి. సుబ్రహ్మణ్యాన్ని ఆహార, వ్యవసాయ మంత్రిగా తీసుకోవడం. ఆ శాఖ అంటే అప్పట్లో నాయకులకు భయం. ఎవరు తీసుకున్నా పేరు పోయేది. అంతవరకు ప్రభుత్వం దృష్టి పట్టణాల్లో ధర పెరగకుండా చూడటం మీదే. రైతుకు గిట్టుబాటు ఇస్తే తప్ప పంట పెరగదని సుబ్రహ్మణ్యం పట్టుబట్టారు. శాస్త్రి ఆయన వెనుక నిలబడ్డారు. 1965 జనవరిలో భారత ఆహార సంస్థ మొదలైంది. అదే నెలలో వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పాటైంది. ఈరోజు మనం మద్దతు ధర అని కొట్లాడుతున్నామే, దాని పునాది అది. మెక్సికో గోధుమ విత్తనాలను మన పొలాల్లో పరీక్షించడం కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంది. పంట చేతికొచ్చేసరికి ఆయన లేరు.

రెండోది పాలు. మా పలమనేరు వైపు ప్రతి ఇంటి ముందూ ఆవు ఉంటుంది. తెల్లవారుజామున క్యాన్లు మోసుకుంటూ కేంద్రానికి వెళ్తాం. అక్కడ మీ కళ్ల ముందే పాలు కొలుస్తారు, వెన్న శాతం చూస్తారు, చీటీ రాసి చేతికిస్తారు. ఆ చీటీ విలువ పాలు అమ్మినవాడికే తెలుసు. దళారి చెంబుతో కొలిచి తోచింది ఇచ్చిన రోజులు మా నాన్న చూశారు. 1964 అక్టోబరు చివర్లో శాస్త్రి గుజరాత్‌లోని ఆనంద్ వెళ్లారు. మందీమార్బలం లేకుండా ఒక పల్లెలో రైతు ఇంట్లో రాత్రి బస చేశారు. ఇంటింటికీ వెళ్లి పాలు ఎవరికి పోస్తున్నారు, డబ్బు ఎప్పుడు వస్తుంది, దళితులూ అదే వరుసలో నిలబడుతున్నారా అని అడిగారట. మర్నాడు, అక్కడి రైతుల పాల సహకార సంఘాన్ని నడిపే కురియన్‌ను, మిగతా చోట్ల పాడి పథకాలు ఎందుకు కుంటుపడ్డాయి, ఇక్కడ ఎందుకు నడుస్తోంది అని అడిగారు. సంఘం రైతులది కాబట్టి అని ఆయన జవాబు. 1965లో జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి మండలిని పెట్టారు. కార్యాలయం ఢిల్లీలో కాదు, ఆనంద్‌లోనే.

ప్రధాని స్థాయి మనిషి ఒక రాత్రంతా పాల లెక్క అడిగాడంటే, నాకు అది ఏ ఉపన్యాసం కన్నా ఎక్కువ.

---

నగరి సరిహద్దు | సోమవారం, ఉదయం 6:25

అందరూ పొగుడుతున్నారు. నేను ఒక చేదు మాట చెప్పాలి. నగరిలో మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ తమిళం. మా పెద్దమ్మ ఇల్లు తిరుత్తణిలో. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లేవరకు అదీ మన చిత్తూరు జిల్లాయే. భాష పేరు ఎత్తితే మాకు ఒళ్లు జలదరిస్తుంది.

1965 జనవరి 26 నుంచి కేంద్రంలో హిందీ ఒక్కటే అధికార భాష అవుతుందని రాజ్యాంగంలో ఉంది. 1963లో అధికార భాషల చట్టం తెచ్చిన హోంమంత్రి ఎవరు? శాస్త్రే. ఇంగ్లీషు కొనసాగ"వచ్చు" అని రాశారు, కొనసాగి "తీరాలి" అని రాయలేదు. ఆ ఒక్క క్రియాపదం మీద మద్రాసు మండిపోయింది. విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. ఒంటికి నిప్పంటించుకున్నవాళ్లున్నారు. పోలీసు కాల్పుల్లో పదుల సంఖ్యలో పోయారు. దాదాపు రెండు వారాలు ప్రధాని గట్టిగా ఏమీ చెప్పలేదు. ఆ రెండు వారాలు ఆయన ఖాతాలోనే రాయాలి.

ఫిబ్రవరి 11న సుబ్రహ్మణ్యం, అళగేశన్ కేంద్ర మంత్రి పదవులకు రాజీనామా చేశారు. (అరియలూరు ప్రమాదం నాటికి రైల్వే ఉపమంత్రి ఈ అళగేశనే.) అప్పుడు కదిలారు శాస్త్రి. ఆ రాజీనామాలను ఆమోదించమని పంపితే, రాష్ట్రపతి రాధాకృష్ణన్ మరోసారి ఆలోచించమన్నారని ఆనాటి వారు రాశారు. ఆయన పుట్టింది తిరుత్తణి, చిన్నప్పుడు చదివింది తిరుపతి మిషన్ బడిలో. రెండు భాషల నేల మీద పెరిగిన మనిషికి ఆ నిప్పు ఎంత దూరం పాకుతుందో తెలియదా? అదే రాత్రి శాస్త్రి రేడియోలో మాట్లాడారు. రాష్ట్రాలు తమకు నచ్చిన భాషలో పాలించుకోవచ్చు, కేంద్రంతో ఇంగ్లీషులో ఉత్తరాలు నడపవచ్చు, సివిల్ సర్వీసు పరీక్షలు ఇంగ్లీషులో కొనసాగుతాయి అని హామీలు ఇచ్చారు. మంటలు చల్లారాయి. ఆ హామీలకు చట్టరూపం వచ్చింది మాత్రం ఆయన పోయాక, 1967లో.

---

కపిలతీర్థం | సోమవారం, ఉదయం 7:10

మీరు చెప్పిన రెండు వారాలను నేను కాదనను. తరగతిలోనూ దాచను. కానీ ఇంకొకటి కూడా చెబుతాను. హిందీ ఆయన మాతృభాష. ఆయన పార్టీలో ఉత్తరాది వాళ్లు వెనక్కి తగ్గవద్దని పట్టుబట్టారు. స్వయంగా తెచ్చిన చట్టంలో లోపం ఉందని ప్రధాని స్థానంలో కూర్చుని దేశమంతా వినేలా దిద్దుకోవడం తేలిక కాదు. ఆలస్యమైంది. అయినా దిద్దుకున్నారు.

---

మాజీ సిపాయి | సోమవారం, మధ్యాహ్నం 1:20

చిత్తూరు పక్క పల్లె మాది. మా చిన్నాన్న 1965 యుద్ధంలో ఉన్నారు. నేను క్లుప్తంగా రాస్తాను.

ఆగస్టులో పాకిస్తాన్ చొరబాటుదారులను కాశ్మీర్‌లోకి పంపింది. సెప్టెంబరు 1న ఛంబ్‌లో ట్యాంకులతో దిగింది. అఖ్నూర్ పోతే కాశ్మీర్‌కు దారి తెగుతుంది. సెప్టెంబరు 6న మన సైన్యం అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు నడిచింది. ఆ అనుమతి ఇచ్చింది అయిదడుగుల చిల్లర ఎత్తున్న, చూడటానికి బడిపంతులులా ఉండే శాస్త్రి. చిన్నాన్న ఆ మాట చెప్పేటప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చునేవారు.

కానీ పాకిస్తాన్‌తో తాష్కెంట్‌లో కుదిరిన ఒప్పందం మాకు గాయమే. ఆగస్టు 28న మనవాళ్లు ప్రాణాలొడ్డి హాజీపీర్ కనుమ పట్టుకున్నారు. 1966 జనవరి 10 ఒప్పందంలో దాన్ని తిరిగి ఇచ్చేశాం. ఛంబ్ మనకు రావాలంటే ఏదో ఒకటి ఇవ్వాల్సిందేనని చిన్నాన్నకు తెలుసు. తెలిసినా చివరిదాకా ఒప్పుకోలేదు. నేను కూడా ఒప్పుకోలేను. ఆ రాత్రే తాష్కెంట్‌లోనే శాస్త్రి గుండె ఆగిపోయింది. ఆయన మీద కోపం చూపించుకునే సమయం కూడా మాకు దొరకలేదు.

---

నిర్వాహకుడు | సోమవారం, మధ్యాహ్నం 2:00

తాష్కెంట్ మరణం గురించిన ఊహాగానాల వ్యాఖ్యలు నాలుగు వచ్చాయి, తీసేశాను. ఆయనకు అంతకుముందే 1959లోనూ, ప్రధాని అయిన నెలలోనే 1964 జూన్‌లోనూ గుండెపోటు వచ్చింది. ఈ చర్చ ఆయన జీవితం గురించి. దయచేసి అక్కడే ఉండండి.

---

భవానీనగర్ | సోమవారం, రాత్రి 9:15

నిన్న ఉదయం అడిగిన ప్రశ్నను నేను వెనక్కి తీసుకోవడం లేదు. గదిలో కూర్చుని నాయకుణ్ని ఎంచే పద్ధతి ఇప్పటికీ నాకు నచ్చదు. కానీ అప్పుడు ఆయన పేరు ఎందుకు వచ్చిందో రేణిగుంట మాస్టారు చెప్పాక అర్థమైంది.

ఇంకొకటి చదివాను. ప్రధానిగా ఉండగా ఫియట్ కారు కొనడానికి 12,000 రూపాయలు కావాల్సి వస్తే ఇంట్లో 7,000 మాత్రమే ఉన్నాయట. మిగతా 5,000 బ్యాంకులో అప్పు. ఆయన పోయాక ఆ అప్పును భార్య లలితాదేవి తన పింఛనులోంచి తీర్చారు. ఇది చదివాక ఈ రాత్రి మా హాస్టల్లో నేను భోజనానికి వెళ్లలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

---

పుంగనూరు మనవరాలు | సోమవారం, రాత్రి 9:40

తమ్ముడూ, నీళ్లు బాగా తాగు. అవ్వ అయితే ముందు ఆ మాటే చెప్పేది.

---

కపిలతీర్థం | సోమవారం, రాత్రి 10:05

రేణిగుంట మాస్టారూ, ఒక మనవి. బుధవారం మా తరగతికి రాగలరా? ఆ లాంతరు పిల్లలకు చూపించాలని ఉంది. ప్రశ్న అడిగిన అమ్మాయిని ముందు వరసలో కూర్చోబెడతాను.

---

రేణిగుంట జంక్షన్ | మంగళవారం, ఉదయం 5:50

తప్పకుండా వస్తాను అమ్మా. గాజు చిమ్నీ పగిలి చాలా ఏళ్లయింది. ఈ రోజు గోవిందరాజస్వామి గుడి వీధుల్లో వెతికి కొత్తది వేయిస్తాను. కిరసనాయిలు కూడా సంపాదిస్తాను. వెలిగించి చూపించడానికి గది కిటికీలు మూయవలసి ఉంటుంది, ఆ ఏర్పాటు మీరు చూడండి. పెట్టె మూతను కూడా విప్పి తెస్తాను. పత్రిక ముక్క పసుపు పచ్చగా అయిపోయింది గానీ అక్షరాలు చదవవచ్చు.